జమానతు ఎవరిస్తారు

దయానంద్ పేరు లాప్‌టాప్ తెర మీద కనబడగానే కావేరి మొదట చేసిన పని, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టడం. ఎవరైనా వచ్చి ఆ సంతోషం పాడు చేస్తారేమోనని ఆమె భయం. కింద విత్తనాల దుకాణంలో ఎవరో యూరియా కోసం గొంతు పెంచి గొడవపడుతున్నారు. బయట ఆర్మూర్ అంతా ముసురు పట్టి ఉంది. దుకాణం మీది ఆ గదిలో ఒంటరిగా కూర్చుని ఆమె ఆ పేరును చదివింది, మళ్ళీ చదివింది. ఇన్నాళ్ళకు దొరికాడు. అదీ తనంతట తానే, ఆమె గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

కావేరి ఉద్యోగం వేరు. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇక్కడి నుంచే పని చేసి పెడుతుంది. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెను జనం ఎరిగింది ‘పచ్చాకు’ వల్ల. పసుపు చేలో ఆకును ఫోనుతో ఫొటో తీస్తే అది ఆకుమచ్చ తెగులో, దుంపకుళ్ళో చెప్పే యాప్ అది. సిగ్నల్ లేని చేలో కూడా పనిచేస్తుంది. చదువు రానివాళ్ళకు నోటితో చెబుతుంది. ఆ నోరు కావేరిదే. తన గొంతునే రికార్డు చేసి పెట్టింది.

పచ్చాకు ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్‌ను ఎవరైనా తెరిచి చూడవచ్చు, తీసుకుపోయి వాడుకోవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. పంపినదాన్ని యాప్‌లో కలపాలా వద్దా అన్నది మాత్రం ముగ్గురి చేతిలో ఉంటుంది. కావేరి ఒకరు. కాలేజీ నాటి స్నేహితుడు, ఇప్పుడు నిజామాబాద్‌లో పాఠాలు చెప్పుకునే మహేష్ ఒకడు. కిందటేడు వచ్చి చేరిన మామిడిపల్లి పిల్ల కృప మూడో మనిషి.

దయానంద్ పంపింది కూడా అలాంటి దిద్దుబాటే. ‘కలుపగలరని మనవి’ అని కింద మర్యాదగా రాశాడు.

మనవి! కావేరికి నవ్వొచ్చింది.

నందిపేట్ నుంచి షేర్ ఆటోలో కాలేజీకి వచ్చే రోజుల్లో దయానంద్‌కు ఇంత మర్యాద లేదు. మాటకారి, మస్తు హుషారు. మెండోర నుంచి వచ్చే కావేరికి నలుగురిలో నోరు పెగిలేది కాదు. ఆఖరి సంవత్సరం ఇద్దరూ కలిసి ‘రైతుకన్ను’ అనే యాప్ చేశారు. ఆకును చూసి తెగులును పోల్చుకునే కోడ్ అంతా ఆమె రాసింది. మెండోర చేల గట్ల మీద ఎండలో తిరిగి ఫొటోలు తీసింది ఆమె. బటన్ల అందం, రంగులు, సార్లతో మాట్లాడడం అతడు చూసుకున్నాడు. కోడ్ ఉంచే ఖాతా అతడి పేరు మీద తెరిచారు. ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి కదా అనుకుంది ఆమె.

చదువులు అయ్యాక హైదరాబాద్‌లో పెద్ద సభ జరిగింది. రైతుకన్నుకు బహుమతి. కావేరి కొత్త చీర కట్టుకుని వెళ్ళి ముందు వరుసల్లో కూర్చుంది, ఏ క్షణమైనా పేరు పిలుస్తారని పైట సర్దుకుంటూ. వేదిక వెనుక తెర మీద అక్షరాలు పడ్డాయి. రూపకర్త: దయానంద్. దాని కింద, చిన్నగా, అనువాద సహకారం: కావేరి.

అనువాదమట! నాలుగు ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు చెప్పి పెట్టిన పిల్లట!

బయట మెట్ల మీద అడిగింది. అతడు ఆమె భుజం పక్కనుంచి ఎవరికో చెయ్యి ఊపుతూ, “పేర్లల్ల ఏమున్నది కావేరీ, పని ముఖ్యం గద,” అన్నాడు. ఆ వారమే ఖాతాలో కొత్త నియమం వెలిసింది. ఇకమీదట కోర్ టీమ్ పంపిన మార్పులే తీసుకుంటారట. కోర్ టీమ్ అంటే అతడూ, అతడి ఇద్దరు దోస్తులూ. అయినా కావేరి ఊరుకోలేక, తన కోడ్‌లో తప్పులు కనబడినప్పుడల్లా దిద్ది పంపేది. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది: ‘ధన్యవాదాలు. ప్రస్తుతం అవసరం లేదు.’ కొన్నాళ్ళకు అదే దిద్దుబాటు అతడి పేరుతో లోపల ప్రత్యక్షమయ్యేది.

అలా కొంతకాలం కడుపు మండించుకుని, చివరికి ఆమె ఆ కోడ్ మొత్తాన్ని తెచ్చుకుని వేరు కుంపటి పెట్టింది. బహిరంగంగా ఉన్న కోడ్ కనుక ఎవరూ ఆపలేకపోయారు. పచ్చాకు అలా పుట్టింది. దయానంద్ దృష్టి కంపెనీ పెట్టడం మీదికి పోయింది. చూసేవాడు లేక రైతుకన్ను మూలపడింది. ఇప్పుడు అతడి కంపెనీ రైతులకు చవక ఫోన్లు పంచుతోంది. వాటిలో పెట్టి ఇస్తున్న యాప్ పచ్చాకు. ఆ ఫోన్లలో అది తప్పు చెబుతోంది. అందుకే ఈ మనవి.

కావేరి అతడి కోడ్ అంతా చదివింది. శుభ్రంగా ఉంది. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

ఆదివారం చర్చి అయ్యాక కృప వచ్చింది. నిజామాబాద్ నుంచి మహేష్ బండి మీద తడుస్తూ వచ్చాడు. ముగ్గురూ కూర్చోవాలని ముందే అనుకున్నారు. కొన్ని నెలలుగా పచ్చాకుకు చెత్త కుప్పలు కుప్పలుగా వస్తోంది. పసుపు మొక్కను కంటితో చూడనివాళ్ళు కూడా ఏఐతో కోడ్ రాయించి పంపేస్తున్నారు. మార్పులు ఎలా తీసుకోవాలో ఒక పద్ధతి తేల్చుకోవాలి.

“పంపినోడే చదువుతలేడు, మనమెందుకు చదవాలె?” అన్నాడు మహేష్ తల తుడుచుకుంటూ. “గిది నేనే రాసిన అని సంతకం పెట్టమందం.”

“సంతకం ఎవడన్న పెడ్తడు అన్నా,” అంది కృప. “ముందుగాల పరీక్షలు పెడదం. పాసైందే మన దాకా రావాలె.”

కావేరి ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఎప్పటి నుంచో అనుకుంటున్నట్టు నింపాదిగా చెప్పింది.

“జమానతు పెడదం. కొత్తోళ్ళు ఎవరు పంపినా, ఇదివరకు మనతోని పనిచేసినోళ్ళల్ల ఇద్దరు పూచీ పడాలె. గీ మనిషి నాకెర్క, గీ పనికి నాది జిమ్మా అని. గప్పుడే చూస్తం. లేకుంటె తెరిచేదే లేదు.”

మహేష్‌కు నచ్చింది. చెత్త ఒక్క దెబ్బకు పోతుందన్నాడు. కృప మాత్రం కావేరి ముఖంలోకి చూసింది.

“అక్కా, మొన్న వచ్చిన దాంట్ల ఒకటి మంచిగున్నది. దయానంద్ అని ఎవరో. గది గూడ ఆగిపోతది గద?”

“రూల్ అందరికి ఒక్కటే.”

“మీ కాలేజే అంట. నువ్వే పూచీ పడొచ్చు.”

మహేష్‌కు సంగతంతా తెలుసు. అతడు కిటికీ వైపు తిరిగి వానను చూశాడు. ఆ సభలో కావేరి పక్క కుర్చీలో కూర్చున్నది అతడే. ఆ రోజు తెర మీది అక్షరాలు చదివి ఆమె ముఖం ఎలా అయిందో చూసినవాడు. ‘కానీ తియ్యి,’ అన్నట్టు చెయ్యి ఊపాడు. రూల్ పాసయింది.

సాయంత్రం కావేరి దయానంద్‌కు జవాబు రాసింది. కొత్త నియమం రెండు వాక్యాల్లో చెప్పి, చివర ఇలా చేర్చింది: ‘ధన్యవాదాలు. ప్రస్తుతం అవసరం లేదు.’ ఒక్కో అక్షరం టైపు చేస్తుంటే వేళ్ళకు తీపి తగిలినట్టు అనిపించింది.

జమానతు కోసం దయానంద్ తిరగని గడప లేదు. పచ్చాకుకు పనిచేసేవాళ్ళందరికీ రాశాడు. కొందరికి అతడెవరో తెలియదు, తెలిసినవాళ్ళు పలకలేదు. చివరికి ఒకనాడు మధ్యాహ్నం మెట్లెక్కి గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళు చేశాడు. చొక్కా ఖరీదైనదే కానీ వానకు ఒంటికి అంటుకుపోయి ఉంది. కావేరి కుర్చీ చూపింది. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. అడగకూడదని అతడి అడుగుల చప్పుడు వింటున్నప్పుడే అనుకుంది.

“మంచిగున్నవా కావేరీ?”

“పని చెప్పు.”

“మేమిచ్చిన ఫోన్ల కెమెరా జర ఖరాబ్. ఏ ఆకు తీసినా పండాకు లెక్క పసుప్పచ్చగ చూపిస్తది. నీ యాప్ ఆగమైతున్నది. రంగు సరిచేసే కోడ్ రాసి పంపిన. ఇంకోటి, మబ్బుల తీసిన ఫొటో అయితె ఎంత సరిచేసినా నమ్మకం లేదు. గసుంటప్పుడు తెల్వదని చెప్పాలె, మొక్క పీకి దుంప చూడుమనాలె. గది గూడ పెట్టిన. పంచిన ఫోన్లల్ల యాప్ నీ దగ్గర్నుంచే మారుతది, నాతోని కాదు.”

“చదివిన.”

“తప్పున్నదా?”

“లేదు.”

“మరి?”

“జమానతు లేదు.”

దయానంద్ తల దించుకున్నాడు. పక్క బల్ల దగ్గర పని చేసుకుంటున్న కృప టైపు చేయడం ఆపేసింది.

“నువ్వు పడు,” అన్నాడు అతడు. “నేను బతిమిలాడుతున్న.”

కావేరి ముందుకు వంగింది. “పడ్త, మహేష్‌తోని గూడ పడిపిస్త. నువ్వు ఒక్క ముక్క రాయి. అందరు చూసేతట్టు, నీ పేరు మీద. రైతుకన్నుల తెగులు పోల్చే కోడ్ కావేరి రాసింది, నేను రాయలే అని. గంతే. ఇప్పుడే రాయి, ఇప్పుడే కలుపుత.”

అతడు అరచేతులు చూసుకున్నాడు. “గా కోడ్ నాదని చెప్పే కంపెనీ పెట్టిన. పైసలు పెట్టినోళ్ళు గది నమ్మే పెట్టిండ్రు. ఇప్పుడు గట్ల రాస్తె నన్ను బయటికి దొబ్బుతరు.”

“దొబ్బనీ.”

“ఫోన్లు పట్టుకోని రైతులున్నరు కావేరీ నడుమ.”

“ఇప్పుడు యాదికొచ్చిండ్రా రైతులు?”

అతడు లేచాడు. బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయాడు. కావేరి కిటికీ దగ్గరికి వెళ్ళి, అతడు వానలో తల మీద బ్యాగు పెట్టుకుని బస్టాండు వైపు నడుస్తుంటే మలుపు తిరిగేదాకా చూసింది.

“నేను పడ్త అక్కా పూచీ,” అంది కృప వెనకనుంచి. “మనిషి నాకెర్క లేదు. కోడ్ ఎర్క.”

“ఒక్కరు సాలరు. ఇద్దరు గావాలె.”

“ఇంకొకరు నువ్వు.”

“నేను పడనని ఇప్పుడే జూసినవ్ గద.”

“రైతుల ఫోన్లల్ల తప్పు చెప్తుంటె మరి?”

ఆ మాట కావేరికి తగిలింది. ఆమె మూర్ఖురాలు కాదు. తన గొంతు ఎవరి చేలోనో తప్పు చెబుతోందంటే అన్నం సయించదు. రెండు రోజులు ఆలోచించి, తనకు తోచిన దారి కనిపెట్టింది. దయానంద్ కోడ్ ముట్టుకోలేదు. రంగు సరిచేసే పనిని తానే మొదటినుంచి రాసింది. మబ్బు ఫొటోలకు ‘తెలియదు’ అని చెప్పే భాగం మాత్రం వదిలేసింది. ఇన్నేళ్ళలో తన గొంతు ఎప్పుడూ తెలియదని చెప్పలేదు. అడిగిన రైతుకు తెలియదని చెప్పే యాప్ ఎందుకు? అదంతా వాడి పిరికితనం, చేతగానితనం, అనుకుంది. రంగు సరిచేశాక మబ్బు ఫొటోల సంగతేమిటో ఒకసారి పరీక్షించి చూడాల్సింది. చూడలేదు. వాడి అనుమానాన్ని పట్టించుకుంటే వాడిని పట్టించుకున్నట్టే అనిపించింది.

కొత్త పచ్చాకు విడుదలైంది. సహకరించిన వారి పేర్ల చివర ఆమె ఒక వరుస చేర్చింది. అనువాద సహకారం: దయానంద్.

కృప అది చూసి, “గిదేంది అక్కా? ఆయన అనువాదం ఎప్పుడు చేసిండు?” అంది.

“తెలుగుల రెండు ముక్కలు రాసి పంపిండు గద.”

కృప నవ్వలేదు. మహేష్ ఫోన్ చేసి పగలబడి నవ్వాడు. కాలేజీ వాళ్ళ గ్రూపులో ఆ వరుస ఫొటో ఒకరినుంచి ఒకరికి తిరిగింది. ఆ సాయంత్రం కావేరి బండి మీద పెర్కిట్ దాకా వెళ్ళి, తోపుడు బండి దగ్గర నిలబడి మిర్చీబజ్జీలు తింది. ఇంకో ప్లేటు చెప్పింది. అంత ఆకలి వేసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. తన ఫోన్లకు తానే మందు వేయలేకపోయాడని కంపెనీలో దయానంద్‌ను పక్కకు పెట్టారని తర్వాత తెలిసింది. ఆ కబురు చెప్పినవాడిని కావేరి మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

పసుపు చేలు నడుము దాకా పెరిగాయి. ముసురు వదలలేదు. ఒక పొద్దున కృప గదిలోకి వచ్చి బ్యాగు కూడా దించకుండా ఫోను బల్ల మీద పెట్టింది. పచ్చాకులో తప్పు చెప్పడానికి ఒక మైకు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి ఎవరో మాట్లాడారు. ముసలి గొంతు.

“ఓ బిడ్డా, ఫోన్ల మాట్లాడే బిడ్డా. నేను సిరికొండ పోచవ్వను. ఆకుమచ్చ అన్నవ్, ఆకు మీద మందు కొట్టుమన్నవ్. కొట్టిన. మల్లొకసారి కొట్టిన. చేను పండువారుతనే ఉన్నది. ఇయ్యాల ఒక మొక్క పీకి చూసిన. కింద ఏం లేదు బిడ్డా. జర వచ్చి చూడరాదు?”

ఇద్దరూ కృప స్కూటీ మీద సిరికొండ పోయారు. పోచవ్వ చేను ఊరి బయట పల్లంలో ఉంది. సాళ్ళ మధ్య నీళ్ళు నిలిచి ఉన్నాయి. గట్టు పక్కన కొంత మేర ఆకులు అంచుల నుంచి ఎండుతూ పసుపెక్కి వాలిపోయాయి. కావేరి ఒక మొక్కను పట్టుకుని లాగింది. బలం పెట్టకుండానే చేతికి వచ్చేసింది. మొదలు మెత్తబడి నీరు కారుతోంది. దుంప నొక్కితే లోపలంతా గుజ్జు. కుళ్ళిన వాసన ముక్కుపుటాలకు కొట్టింది.

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పోచవ్వ వచ్చింది. “ఎవరు బిడ్డా మీరు?” అంది.

“ఆర్మూర్ నుంచి వచ్చినం అవ్వా. పచ్చాకు…”

ఆ ఒక్క మాటతోనే ముసలామె ఆగిపోయింది. దగ్గరికి వచ్చి కావేరి ముఖం చూసింది.

“నువ్వేనా? గా మాట్లాడేది నువ్వేనా? గొంతు గదే.” ఆమె గొంతులో కోపం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఎరిగిన మనిషిని మొదటిసారి చూస్తున్న సంబరం ఉంది. “రోజు పొద్దుగాల నీ గొంతు ఇనే చేన్లకు దిగుత బిడ్డా.”

కావేరికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పోచవ్వ ఫోను కంపెనీ ఇచ్చిన చవక ఫోనే. దానిలో ఆమె తీసిన ఫొటో ఉంది, మబ్బు కమ్మిన పూట తీసినది. కృప గట్టు మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆ ఫొటోను దయానంద్ పంపిన కోడ్‌తో నడిపి చూసింది. తర్వాత తెరను కావేరి వైపు తిప్పింది. ‘వెలుతురు చాలదు. తెగులు తెలియదు. ఒక మొక్క పీకి దుంప చూడండి’ అని ఉంది అక్కడ.

“ఏం రాసి ఉన్నది బిడ్డా?” అని అడిగింది పోచవ్వ.

కృప చదివి వినిపించింది.

“తెల్వకపోతె తెల్వదనే అనాలె గద,” అంది పోచవ్వ. “గప్పుడే పీకి చూసేదాన్ని. నీళ్ళు బయటికి పంపేదాన్ని.”

“అట్ల చెప్పే ముక్క ఒకటి వచ్చింది అవ్వా,” అంది కావేరి. దాచడానికి నోరు రాలేదు. “నేనే తీసుకోలే.”

“ఎందుకు?”

“గది పంపినోడు నాకు పడడు.”

పోచవ్వ ముఖంలో ఇందాకటి సంబరం మెల్లగా ఆరిపోయింది.

“మీ లొల్లి మీరు పడుండ్రి,” అంది. “నా చేను ఏం చేసింది మీ నడుమ?”

కావేరి పార అడిగి తీసుకుంది. ముగ్గురూ కలిసి పల్లం వైపు కాలువ తీశారు. కుళ్ళిన మొక్కలు పీకి గట్టు అవతల కుప్ప పోశారు. ఊళ్ళో ఉన్న వ్యవసాయ విస్తరణ అధికారిని కృప పోయి పిలుచుకొచ్చింది. ఆయన చెప్పిన మందు కలిపి మిగిలిన మొక్కల మొదళ్ళకు పోశారు. గట్టు పక్క భాగం పోయినట్టే. మిగతాది నిలవచ్చు అన్నాడాయన. పోచవ్వ వాళ్ళకు ఛాయ్ పెట్టింది కానీ తర్వాత కావేరితో మాట్లాడలేదు. ఏది చెప్పినా కృపతోనే చెప్పింది.

తిరిగి వచ్చే దారిలో స్కూటీ వెనక కూర్చున్న కావేరికి దయానంద్ మీద కోపం తగ్గలేదు, పెరిగింది. తన పేరు దొంగిలించాడు. ఇప్పుడు తన చేతనే తప్పు చేయించి, ఒక ముసలామె ముందు తలదించుకునేలా చేశాడు. వాడే చేయించాడా? కాదు, తాను చేసింది. అది తెలిసే కొద్దీ కోపం ఇంకా మండింది.

గదికి చేరగానే, గోళ్ళలో మట్టితోనే, దయానంద్ కోడ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా అతడి పేరుతో కలిపింది. తాను రాసింది తీసేసింది. ‘అనువాద సహకారం’ వరుస చెరిపేసింది. ఆ ‘తెలియదు’ అనే మాటలను తన గొంతుతో రికార్డు చేయడానికి కూర్చుంది. మొదటిసారి చెప్పింది విని చెరిపేసింది. మళ్ళీ చెప్పింది.

మరుసటి ఆదివారం ముగ్గురూ కూర్చున్నారు.

“జమానతు తీసేద్దం,” అంది కావేరి. “మనిషిని చూసి తలుపు తీసే పద్ధతి వద్దు. ఎవరు పంపిండ్రో మనకు కనబడొద్దు. పేరు పోయి నంబరు రావాలె. కలిపినంకనో, వద్దన్నంకనో పేరు చూద్దం.”

“మరి చెత్త?” అన్నాడు మహేష్.

“ఏ చేన్ల చూసి రాసిండో నాలుగు ముక్కలు తెలుగుల రాయాలె. గా చేను ఫొటోలు పంపాలె. ఏఐని అడిగి రాసినోనికి చేను యాడికెల్లి వస్తది?”

మహేష్ ఒప్పుకున్నాడు. కృప మాత్రం, “అక్కా, నీకు పగ పోయిందా?” అని సూటిగా అడిగింది.

“పోలే,” అంది కావేరి. “అందుకే పేరు కనబడొద్దంటున్న.”

పేర్లు తీసి నంబర్లు వేసే చిన్న ప్రోగ్రామ్‌ను కృప రాసింది. చెత్త తగ్గింది. జగిత్యాల నుంచి, వాళ్ళెన్నడూ పేరు వినని ఊళ్ళనుంచి కూడా మంచి మంచి మార్పులు రావడం మొదలైంది.

పసుపు తవ్వకాలు మొదలయ్యేనాటికి ఒక నంబరు వచ్చింది. ఆకు మీద ఎండ మెరుపు పడితే ఫొటో పాడవకుండా చూసే కోడ్. కావేరి సగం చదివేసరికే గుర్తుపట్టింది. పేరు తీసేస్తే మాత్రం, ఒక మనిషి వాక్యం విరిచే తీరు, ఖాళీలు వదిలే తీరు ఎక్కడికి పోతాయి? కంపెనీ వదిలేశాక నందిపేట్‌లోనే ఉంటున్నాడని విన్నది. ఫొటోలు కూడా ఆ వైపు చేలవే, గోదావరి ఒండ్రు నేల.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు ఎవరూ తనను తప్పుపట్టలేరు. తప్పులు వెతకడమే తన పని. వెతికింది. దొరికాయి. పాత ఫోన్లలో ఇది ఆగిపోతుంది, సరిచేయండి. ఇక్కడ ఫోను మెమరీ వృథా అవుతోంది, సరిచేయండి. ఈ లెక్క నీడ పడిన ఆకుకు వర్తించదు, చేలోకి వెళ్ళి మళ్ళీ చూడండి. ప్రతి మాటా నిజం. ప్రతి మాటా చురకత్తిలా రాసింది. నంబరుకు నంబరు జవాబు కనుక అవతలివాడికీ రాసిందెవరో కనబడదు. కానీ గుర్తుపట్టి ఉంటాడని ఆమెకు నమ్మకం. గుర్తుపట్టాలనే ఆ చురుకు.

దిద్ది పంపాడు. తిప్పి పంపింది. మళ్ళీ దిద్ది పంపాడు. ఇంకొకడైతే వదిలేసిపోయేవాడు. వదిలేసి పోతాడేమోనని ఆమె రోజూ ఆశగా చూసేది. పోలేదు. ఆ సభ సంగతి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. రాస్తాడని ఆమె చూడడమూ మానలేదు.

చివరిసారి వచ్చినదాంట్లో తప్పు లేదు. పొద్దుటి నుంచి వెతికింది. పాత ఫోన్లలో నడిపింది, నీడలో నడిపింది, మబ్బులో నడిపింది. భోజనం చేసి వచ్చి మళ్ళీ వెతికింది. కృప ఓరకంట చూస్తోంది. ఆఖరికి రైతుకు కనబడే తెలుగు వాక్యం ఒకదాని చివర చుక్క లేదని దొరికింది.

‘వాక్యం చివర చుక్క పెట్టండి,’ అని రాసి తిప్పి పంపింది.

ఛాయ్ చల్లారకముందే చుక్క పెట్టి పంపాడు.

కావేరి పళ్ళు బిగబట్టి ఆ చుక్కను చూసింది. తర్వాత కలుపు అన్న బటన్ నొక్కి, కింద ఎదురుచూస్తున్న ఇంకో నంబరు తెరిచింది.